చుక్కకు పట్టిన గ్రహణం – జాన్ గుడ్‌రిక్

పిల్లలూ! జాన్ గుడ్‌రిక్ 1764 సెప్టెంబరు 17న నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ పట్టణంలో పుట్టాడు. కుటుంబం మాత్రం ఇంగ్లండుది. తండ్రి దౌత్య ఉద్యోగి. మీలో చాలామందికి పుట్టిన ఊరు ఒకటి, సొంత ఊరు మరొకటి, ఇప్పుడు చదువుతున్న ఊరు ఇంకొకటి. అందుకే ముందుగా ఈ సంగతి చెప్పాను.

పసితనంలోనే పెద్ద జబ్బు చేసి అతనికి వినికిడి పోయింది. ఆ రోజుల్లో చెవిటి పిల్లలకు చదువెందుకని ఊరుకునేవారే ఎక్కువ. గుడ్‌రిక్ తల్లిదండ్రులు ఊరుకోలేదు. స్కాట్లండులోని ఎడిన్‌బరోలో థామస్ బ్రెయిడ్‌వుడ్ అనే ఆయన చెవిటి పిల్లల కోసం బడి నడుపుతుంటే అక్కడికి పంపారు. ఆ తర్వాత 1778లో వారింగ్టన్‌లోని విద్యాలయంలో మామూలు పిల్లలతో కలిసి చదివాడు. చదువు ముగించి యార్క్ నగరంలో ఉన్న తల్లిదండ్రుల దగ్గరికి వచ్చాడు.

యార్క్‌లో అతనికి ఎడ్వర్డ్ పిగట్ పరిచయమయ్యాడు. వయసులో పదేళ్లకు పైగా పెద్ద. పిగట్ కుటుంబం కూడా ఊళ్లు మారుతూ మారుతూ యార్క్ చేరినదే. తండ్రీ కొడుకులిద్దరికీ ఆకాశం పిచ్చి. ఆ పిచ్చి గుడ్‌రిక్‌కూ అంటుకుంది. కొత్త ఊళ్లో ఎవరితోనూ కలవక కిటికీ పక్కన కూర్చునే పిల్లల్ని నేను పనిచేసిన ప్రతిచోటా చూశాను. వాళ్లను చూసినప్పుడల్లా నాకు పిగట్ గుర్తొస్తాడు.

పెర్సియస్ అనే నక్షత్రాల గుంపులో ఆల్గాల్ అని ఒక చుక్క ఉంది. అరబ్బీ భాషలో ఆ పేరుకు దయ్యం అని అర్థం. దాని వెలుగు మారుతుందని అంతకు వందేళ్ల క్రితమే ఇటలీలో మోంటనారి అనే ఆయన గమనించాడు. కానీ ఎప్పుడు మారుతుందో, ఎందుకు మారుతుందో ఎవరూ తేల్చలేదు. 1782 నవంబరు 12 రాత్రి గుడ్‌రిక్ చూస్తే ఆల్గాల్ బాగా మసకబారి ఉంది. తన కళ్లను తానే నమ్మలేకపోయాడు.

వెలుగును కొలిచే పరికరాలు అప్పట్లో లేవు. పక్క చుక్కలతో పోల్చడమే దారి. ఈ చుక్క కన్నా ఎక్కువ, ఆ చుక్క కన్నా తక్కువ అని గడియారం చూసి రాసుకోవాలి. ఇంగ్లండు చలికాలం, పైగా మబ్బులు. నెలల తరబడి మిత్రులిద్దరూ చూశారు. చివరకు లెక్క తేలింది. ఆల్గాల్ దాదాపు 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి తప్పకుండా మసకబారుతుంది. తగ్గడానికి సుమారు 5 గంటలు, మళ్లీ పెరగడానికి సుమారు 5 గంటలు. బాగా తగ్గినప్పుడు వెలుగు మూడో వంతుకు పడిపోతుంది.

మరి కారణం? ఆల్గాల్ చుట్టూ పెద్ద వస్తువేదో తిరుగుతూ మనకు అడ్డం వస్తుండవచ్చు, లేదా ఆల్గాల్‌కే ఒక పక్క మచ్చలుండవచ్చు అని గుడ్‌రిక్ 1783లో రాయల్ సొసైటీకి రాశాడు. అప్పటికి అతనికి 18 ఏళ్లు. ఒకే జవాబు ఉందని మొండికేయకుండా రెండూ చెప్పడం నాకు చాలా నచ్చిన విషయం. ఆ ఏడాదే సొసైటీ అతనికి కాప్లీ పతకం ఇచ్చింది.

1784లో బీటా లైరే, డెల్టా సెఫై అనే మరో రెండు చుక్కల వెలుగు కూడా మారుతుందని కనిపెట్టాడు. 1786 ఏప్రిల్ 16న రాయల్ సొసైటీ అతన్ని సభ్యుడిగా ఎన్నుకుంది. నాలుగు రోజులకే, ఏప్రిల్ 20న, చనిపోయాడు. 22 ఏళ్లు కూడా నిండలేదు.

అతను చెప్పిన రెండు కారణాల్లో మొదటిదే నిజమని 1889లో జర్మనీలో వోగెల్ రుజువు చేశాడు. వెలుగు తగ్గడానికి ముందు ఆల్గాల్ మన నుంచి దూరంగా పోతోందని, తగ్గిన తర్వాత మన వైపు వస్తోందని దాని కాంతిని విడదీసి చూపాడు. అంటే అది మరో చుక్కతో కలిసి తిరుగుతోంది. ఒకటి బాగా వేడి, వెలుగు ఎక్కువ. రెండోది కాస్త పెద్దదే కానీ మసక. ఈ మసకది ముందుకు వచ్చినప్పుడు మనకు గ్రహణం కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య దూరం సూర్యుడికీ బుధుడికీ మధ్య దూరంలో ఆరో వంతు మాత్రమే. మన నుంచి సుమారు 90 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి కాబట్టి ఒక్క చుక్కలాగే కనిపిస్తాయి.

డిసెంబరు రాత్రి మీ క్వార్టర్స్ మేడ ఎక్కండి. మన పెద్దలు పిల్లలకోడి అనే కృత్తికలను వెతకండి. ఉత్తరాన ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా శర్మిష్ఠ ఉంటుంది. రెండింటి నడుమ, కృత్తికల వైపు కాస్త దగ్గరగా ఆల్గాల్ దొరుకుతుంది. సోమవారం రాత్రి 11 గంటలకు అది అన్నిటికన్నా మసకగా కనిపిస్తే, గురువారం రాత్రి 7 గంటల 49 నిమిషాలకు మళ్లీ అలాగే ఉంటుంది. చూసి, టైము వేసి నోటుబుక్కులో రాయండి.