డాషియల్ హామెట్

వృత్తి మనుష్యునకు అన్నము పెట్టును. ఒక్కొక్కప్పుడు అది నడవడిని కూడ నేర్పును. అపరాధ పరిశోధకుడుగా పనిచేసి, ఆ వృత్తి నేర్పిన నియమమును కథలలో నిలిపి, తుదకు ఆ నియమము కొఱకే చెరసాలకు పోయిన అమెరికా రచయిత డాషియల్ హామెట్.

హామెట్ 1894వ సంవత్సరము మే నెల 27వ తేదీన మేరీలాండ్ రాష్ట్రమున జన్మించెను. ఆయన బాల్యము ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ నగరములలో గడచెను. కుటుంబము కలిమి గలది కాదు. అందుచే ఉన్నత పాఠశాలలో అడుగిడిన కొలదికాలమునకే ఆయన చదువు మాని జీతపు పనులలో చేరవలసి వచ్చెను. బడి విడిచినను పుస్తకమును మాత్రము విడువలేదు.

1915లో ఆయన పింకర్టన్ అను ప్రసిద్ధ డిటెక్టివ్ సంస్థలో ఉద్యోగిగా ప్రవేశించెను. అనుమానితుని వెంట వానికి తెలియకుండ నడచుట, వీధి మూలలందు గంటల కొలది వేచియుండుట, చూచినదానిని చూచినట్లు నివేదికలో వ్రాయుట ఆయన పని. తనను నమ్మినవారి రహస్యమును దాచుట పరిశోధకునకు ప్రథమ ధర్మము. ఈ ధర్మమును, అలంకారము లేని ఆ వ్రాతను హామెట్ అక్కడనే అభ్యసించెను.

1918లో ఆయన సైన్యమున చేరి ఆంబులెన్సు దళములో పనిచేసెను. ఆ యేడు లోకమంతటిని పీడించిన ఇన్‌ఫ్లుయెంజా ఆయనను పట్టుకొనెను. దాని వెనుకనే క్షయరోగము ప్రవేశించెను. 1921లో ఆయన తనకు ఉపచారము చేసిన నర్సును శాన్‌ఫ్రాన్సిస్కోలో వివాహమాడెను. వారికి ఇద్దరు కుమార్తెలు కలిగిరి. మరల డిటెక్టివ్ పనికి పూనుకొన్నను శరీరము సహింపలేదు. రోగముచే వీధులలో తిరుగలేని వానికి సంసారము గడచు మార్గమేది? హామెట్ కలము చేతబట్టెను.

ఆనాటి డిటెక్టివ్ కథలలో పెక్కింట హత్యలు ధనికుల భవనములందు జరుగును. మేధావియైన పరిశోధకుడు కుర్చీలో కూర్చుండి చిక్కు విప్పును. హామెట్ కథలు అట్టివి కావు. నేరము వీధిలో జరుగును. దానిని పట్టువాడు జీతమునకు పనిచేయు సామాన్యుడు. చవుక కాగితముపై అచ్చగు ‘బ్లాక్ మాస్క్’ పత్రికలో ఈ కథలు వెలువడి, పాఠకులను ఆకర్షించెను.

1930లో ‘మాల్టా డేగ’ అను నవల గ్రంథరూపమున వచ్చెను. 1530లో చక్రవర్తి ఐదవ చార్లెస్ మాల్టా ద్వీపమును ఒక వీరసంఘమునకు ఇచ్చి, ఏటేట ఒక డేగను కప్పముగా కోరెను. ఇది చరిత్ర. వారు రత్నములు పొదిగిన బంగారు డేగను పంపినట్లు హామెట్ కల్పించెను. నల్లని పూత క్రింద దాగిన ఆ డేగ కొఱకు దురాశాపరులు ఒకరి నొకరు వంచించుకొందురు, చంపుకొందురు. తుదకు చేజిక్కినది సీసపు బొమ్మ! శామ్ స్పేడ్ అను పరిశోధకుడు తన భాగస్వామిని చంపినది తాను ప్రేమించిన స్త్రీయే యని గ్రహించి, మనసు వలదన్నను ఆమెను పోలీసులకు అప్పగించును.

ఈ కథను 1931లోను, 1936లోను చలనచిత్రములుగా తీసిరి.  1941లో జాన్ హ్యూస్టన్ అను రచయిత తన తొలి దర్శకత్వమునకు దీనినే ఎన్నుకొని, నవలలోని సంభాషణలను చాలవరకు అట్లే నిలిపెను. హంఫ్రీ బోగార్ట్ స్పేడ్‌గా నటించెను. చీకటి గదులు, దీపపు నీడలు, ఎవరిని నమ్మవలెనో తెలియని మనుష్యులు ఆ చిత్రమునకు ప్రాణము. అట్టి చిత్రములకు 1946లో ఫ్రెంచి విమర్శకులు ‘ఫిల్మ్ నోయర్’, అనగా నల్లని చిత్రము, అని పేరిడిరి. 1989లో అమెరికా ప్రభుత్వము శాశ్వతముగా భద్రపరచుటకు ఎన్నుకొన్న తొలి 25 చిత్రములలో ఇది యొకటి.

కీర్తి, ధనము వచ్చెను. వానితో దుబారా, మద్యపానము కూడ వచ్చెను. హామెట్ కుటుంబమునకు దూరమయ్యెను. 1934 తరువాత మరియొక నవలను పూర్తిచేయలేకపోయెను. ఇది ఆయన జీవితమున పెద్ద లోపము.

అయినను ధైర్యము చావలేదు. 1942లో, నలువదియెనిమిదవ యేట, క్షయ తిన్న ఊపిరితిత్తులతో ఆయన సామాన్య సైనికుడుగా చేరెను. మంచు గాలులు వీచు అల్యూషియన్ ద్వీపములలో సైనికుల కొఱకు ఒక వార్తాపత్రికను నడిపెను.

1951లో అసలు పరీక్ష వచ్చెను. రాజకీయ కారణములచే నిర్బంధింపబడిన వారికి జామీను ఇచ్చు నిధికి హామెట్ ధర్మకర్త. ఆ నిధి జామీనుపై విడుదలైన కమ్యూనిస్టు నాయకులు నలుగురు శిక్షకు లోబడక పరారైరి. నిధికి ధనమిచ్చిన వారి పేర్లు చెప్పుమని న్యాయస్థానము అడిగెను. చెప్పినచో ఆయన యింటికి పోవచ్చును, చెప్పనిచో చెరసాల. హామెట్ చెప్పలేదు. న్యాయస్థాన ధిక్కారమునకు ఆరునెలల శిక్ష పడెను. సుమారు ఐదు నెలలు చెరలో గడపి, రోగియై, నిర్ధనుడై వెలికి వచ్చెను.

1961 జనవరి 10వ తేదీన న్యూయార్కులో హామెట్ మరణించెను. రెండు యుద్ధములందు సేవచేసిన ఆ సైనికుని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననము చేసిరి.

స్పేడ్ తన వృత్తిధర్మము కొఱకు ప్రేమను వదలుకొనెను. వానిని సృష్టించినవాడు నమ్మినవారి కొఱకు స్వేచ్ఛను వదలుకొనెను. కథలోని డేగ సీసమని తేలినది. కథకుని మాట మాత్రము గీచి చూచినను బంగారమే.