ఆబె లెన్‌స్ట్రా
ఆబె లెన్‌స్ట్రా (నవంబరు 27, 1920 - సెప్టెంబరు 2, 1985) నెదర్లాండ్స్ దేశానికి చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ క్రీడాకారుడు. ఆ దేశపు ఉత్తర భాగంలోని హేరెన్‌వేన్ అనే చిన్న పట్టణపు క్లబ్బు తరఫున 18 సంవత్సరాలు ఆడాడు. జాతీయ జట్టు తరఫున 47 పోటీలలో 33 గోలులు చేశాడు. తరువాతి తరానికి చెందిన యోహాన్ క్రైఫ్ కూడా సరిగ్గా 33 గోలులే చేశాడు. లెన్‌స్ట్రాను స్థానికులు ఫ్రిసియన్ భాషలో "ఉస్ ఆబె" అని పిలిచేవారు. దీనికి "మన ఆబె" అని అర్థం.

జననం, పట్టణం

లెన్‌స్ట్రా ఫ్రీస్‌లాండ్ రాష్ట్రంలోని హేరెన్‌వేన్‌లో జన్మించాడు. పీట్ అనే ఇంధనపు మట్టిని త్రవ్వి అమ్మే వ్యాపారం కోసం 1551లో ఏర్పడిన ఊరు ఇది. ఫ్రీస్‌లాండ్ ప్రజలకు డచ్చికి భిన్నమైన స్వంత భాష, స్వంత జెండా ఉన్నాయి. హేరెన్‌వేన్ క్లబ్బు కూడా లెన్‌స్ట్రా పుట్టిన 1920వ సంవత్సరంలోనే స్థాపించబడింది. క్లబ్బు దుస్తులపై నీలం, తెలుపు చారల మీద కనిపించే ఎర్రని గుర్తులను చాలామంది హృదయాలని పొరబడుతుంటారు. నిజానికి అవి ఫ్రీస్‌లాండ్ జెండాలోని కలువ ఆకులు.

హేరెన్‌వేన్ క్లబ్బులో

1936లో, పదహారేళ్ళు కూడా నిండకముందే, లెన్‌స్ట్రా క్లబ్బు ప్రధాన జట్టులో చేరాడు. ముందువరుసలో ఎడమవైపు లోపలి స్థానంలో ఆడటం అతనికి ఇష్టం. ఆ రోజులలో నెదర్లాండ్స్‌లో ఫుట్‌బాల్ ఆడినందుకు జీతం తీసుకోవడం నిషిద్ధం. కాబట్టి అతడు జీవనోపాధికి పట్టణ పురపాలక కార్యాలయంలో ఉద్యోగం చేసేవాడు.

అప్పటి పద్ధతి ప్రకారం దేశాన్ని ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతపు విజేతలను చివరగా ఒకరితో ఒకరు ఆడించి జాతీయ విజేతను నిర్ణయించేవారు. లెన్‌స్ట్రా కాలంలో హేరెన్‌వేన్ ఉత్తర ప్రాంతపు విజేతగా తొమ్మిదిసార్లు నిలిచింది. వీటిలో ఆరు రెండవ ప్రపంచయుద్ధం తరువాత వరుసగా వచ్చినవి. అయితే జాతీయ విజేత కావడం మాత్రం ఆ జట్టుకు ఎన్నడూ సాధ్యపడలేదు.

క్లబ్బు చరిత్రలో అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకొనే పోటీ 1950 మే 7న స్వంత మైదానంలో జరిగింది. ప్రత్యర్థి ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి చెందిన అజాక్స్. ఆట ముగియడానికి ఇంక సుమారు 25 నిమిషాలే ఉన్నాయనగా అజాక్స్ 5-1 ఆధిక్యంలో ఉంది. మిగిలిన ఆ కొద్ది సమయంలో హేరెన్‌వేన్ ఐదు గోలులు చేసి 6-5తో గెలిచింది. చిత్రమేమిటంటే ఆ సంవత్సరం జాతీయ విజేత ఈ రెండు జట్లలో ఏదీ కాదు, లింబుర్గియా అనే మరొక చిన్న క్లబ్బు.

జాతీయ జట్టు, జీతాల వివాదం

లెన్‌స్ట్రా 1940లో జాతీయ జట్టులో ప్రవేశించాడు. కాని అదే సంవత్సరం మే 10న జర్మనీ నెదర్లాండ్స్‌పై దాడి చేసింది. 1946 వరకు జాతీయ జట్టు ఒక్క పోటీ కూడా ఆడలేదు. ఆటగాడికి అత్యంత విలువైన వయస్సు ఈ విధంగా గడిచిపోయింది. 1948 లండన్ ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన జట్టులో అతనికి స్థానం లభించింది. 1950, 1954 ప్రపంచకప్పులకు నెదర్లాండ్స్ అసలు ప్రవేశించనే లేదు.

యుద్ధం తరువాత ఫాస్ విల్కెస్, కేస్ రైవర్స్, లెన్‌స్ట్రా కలిసి ఆడిన ముందువరుసకు "బంగారు త్రయం" అని పేరు వచ్చింది. ఈ త్రయం ఎక్కువకాలం నిలువలేదు. విల్కెస్ 1949లో ఇటలీకి, రైవర్స్ 1950లో ఫ్రాన్సుకు వెళ్ళారు. జీతం తీసుకున్నవారిని డచ్చి ఫుట్‌బాల్ సంఘం జాతీయ జట్టు నుండి బహిష్కరించింది. లెన్‌స్ట్రాకు కూడా ఇటలీ నుండి ఆహ్వానాలు వచ్చాయి గాని, అతడు వాటిని కాదని హేరెన్‌వేన్‌లోనే ఉండిపోయాడు. 1951, 1952లలో దేశపు ఉత్తమ క్రీడాకారుడిగా ఎన్నికయ్యాడు. అయితే అతడు అందరి మాట వినే మనిషి కాదు. జట్టును ఎంపిక చేసే పెద్దలతో అతనికి తరచుగా విభేదాలు వచ్చేవి.

1953 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్ నైరుతి ప్రాంతాన్ని సముద్రపు వరద ముంచెత్తింది. బాధితుల సహాయార్థం విదేశాలలో ఆడుతున్న డచ్చి ఆటగాళ్ళు మార్చి 12న పారిస్‌లో ఫ్రాన్సు జట్టుతో ఆడి 2-1తో గెలిచారు. బహిష్కృతుల ఈ విజయం తరువాత ప్రజాభిప్రాయం మారింది. 1954లో సంఘం జీతాలను అనుమతించక తప్పలేదు.

ఎన్‌షెడే

విదేశీ ధనానికి లొంగని లెన్‌స్ట్రా, స్వదేశంలో జీతం చట్టబద్ధమైన 1954లోనే స్వంత ఊరి క్లబ్బును వదిలి బట్టల మిల్లుల నగరమైన ఎన్‌షెడేకు చెందిన ఎస్.సి. ఎన్‌షెడేలో చేరాడు. దీనిని ద్రోహమనడం న్యాయం కాదు. అప్పటికి అతని వయస్సు 33 ఏళ్ళు, 18 ఏళ్ళ ఆట ఊరికి ఉచితంగా ఇచ్చినదే. కాని హేరెన్‌వేన్‌కు మాత్రం దెబ్బ గట్టిగానే తగిలింది. ఆ దశాబ్దం ముగిసేసరికి క్లబ్బు క్రింది శ్రేణులకు జారిపోయింది.

1956 మార్చి 14న డుస్సెల్‌డార్ఫ్‌లో అప్పటి ప్రపంచ విజేత పశ్చిమ జర్మనీని నెదర్లాండ్స్ 2-1తో ఓడించింది. రెండు గోలులూ 35 ఏళ్ళ లెన్‌స్ట్రా చేసినవే. 1958లో ఎన్‌షెడే జాతీయ విజేతను నిర్ణయించే పోటీ వరకు వచ్చి, అదనపు సమయంలో డి.ఓ.ఎస్. చేతిలో 0-1తో ఓడింది. ఆ విధంగా అతనికి జాతీయ విజేత పట్టం చివరివరకు దక్కలేదు. 1959లో అంతర్జాతీయ పోటీల నుండి తప్పుకున్నాడు. 1960 నుండి అదే నగరంలోని ఎన్‌షెడేసె బాయిస్ తరఫున ఆడి, 1963లో 42 ఏళ్ళ వయస్సులో విరమించాడు.

మరణం, తరువాతి కాలం

చివరి సంవత్సరాలలో మెదడులో రక్తస్రావం జరిగి అతనికి పక్షవాతం వచ్చింది. 1985లో మరణించేనాటికి హేరెన్‌వేన్ ఇంకా రెండవ శ్రేణిలోనే ఉంది. 1990లో మొదటిసారిగా అత్యున్నత శ్రేణికి చేరి, వెంటనే క్రిందికి పడి, 1993లో తిరిగి వచ్చింది. మరుసటి సంవత్సరం నిర్మించిన క్రొత్త మైదానానికి ఆబె లెన్‌స్ట్రా స్టేడియం అని పేరు పెట్టారు. సుమారు 30 వేల జనాభా గల పట్టణంలో ఇప్పుడు సుమారు 26 వేలమంది కూర్చోగల మైదానమిది. రూడ్ వాన్ నిస్టెల్‌రాయ్, క్లాస్-యాన్ హుంటెలార్ వంటివారు ఇక్కడ ఆడి పెద్ద క్లబ్బులకు వెళ్ళారు. 2007లో బ్రెజిల్ ఆటగాడు అఫోన్సో అల్వెస్ హెరాక్లెస్ జట్టుపై ఒకే పోటీలో ఏడు గోలులు చేసినది కూడా ఇక్కడే.

లెన్‌స్ట్రా ఎన్‌షెడేలో ఆడిన రెండు క్లబ్బులు 1965లో విలీనమై ఎఫ్.సి. ట్వెంటెగా మారాయి. 2009లో హేరెన్‌వేన్ తన మొట్టమొదటి జాతీయ కప్పును గెలుచుకున్నది, పెనాల్టీలలో ఆ ట్వెంటెను ఓడించి.