ఛార్లెసు డార్విను

వానకాలమున మన ధర్మవరపు చెరువునందు కప్పలు వేలకొలది గ్రుడ్లు పెట్టును. అయినను చెరువు కప్పలతో నిండిపోదు. ఏల? ఈ ప్రశ్నను లోతుగా విచారించిన మహాశయుడు డార్విను.

ఇతడు 1809లో ఇంగ్లాండునందు జన్మించి, 1831 మొదలు ఐదేండ్లు ఓడలో భూమండలమును చుట్టివచ్చెను. 1838లో, జనసంఖ్యను గూర్చి మాల్థసు వ్రాసిన గ్రంథమును చదివెను. ప్రాణులెన్ని పుట్టినను ఆహారలోపము, శత్రువులు, వ్యాధులు, అనావృష్టి వానిని అరికట్టుననియు, జంట యొక్కింటికి సగటున రెండు మాత్రమే మిగులుటచే సంఖ్య నిలుకడగా నుండుననియు గ్రహించెను. పరిసరములకు తగిన గుణములు గలవే యెక్కువగా మిగులునను సిద్ధాంతమును 1859లో గ్రంథముగా వెలువరించెను.

ఈ న్యాయము అతని యింటిని సైతము విడువలేదు. పదిమంది బిడ్డలలో ముగ్గురు బాల్యముననే గతించిరి. 1851లో పదేండ్ల ఆనీ మరణము అతని హృదయమును క్రుంగదీసెను. అయినను సత్యాన్వేషణమును విడువక, 1882లో దివంగతుడగువరకు శ్రమించెను.