జార్జి ముల్లర్ గారు – ప్రభువు రాకడ నిరీక్షణ



జార్జి ముల్లర్ గారి పేరు చెప్పగానే బ్రిస్టల్ పట్టణపు అనాథ శరణాలయాలు, ప్రార్థనకు జవాబుగా వచ్చిన ఆహారము మనకు జ్ఞాపకమొస్తాయి. సండే స్కూలులో మన పిల్లలకు చెప్పే సంగతి అది. అయితే ప్రభువు రాకడ విషయమై ఆయన కాలములో లేచిన పెద్ద వాదములో ఈ దైవజనుడు ఎట్లు నిలిచారో తెలిసినవారు తక్కువ. సంఘము మహాశ్రమలకు ముందే ఎత్తబడునా, ఆ తరువాతనా అనే ప్రశ్న మన మధ్య కూడ వినబడుచున్నది గనుక, ఆయన జీవితమును ఆ కోణములో మీ ముందుంచుచున్నాము.

ముల్లర్ గారు 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశములో జన్మించారు. యౌవనములో అబద్ధము, దొంగతనము, దుబారా ఆయనకు అలవాటు. పదహారేండ్ల వయస్సులో సత్రపు బాకీ చెల్లించక జైలుకు కూడ వెళ్ళారు. హాలే విశ్వవిద్యాలయములో చదువుచుండగా, 1825లో ఒక ఇంటి ప్రార్థన కూటములో మారుమనస్సు పొందారు. 1829లో ఇంగ్లండు చేరారు. అంతవరకు లోకమంతయు క్రమముగా సువార్తకు లోబడుననియు, ఆ తరువాతనే ప్రభువు వచ్చుననియు ఆయన తలంచేవారు. వాక్యమును స్వయముగా పరిశోధించిన మీదట, ప్రభువు వెయ్యేండ్ల పరిపాలనకు ముందే వచ్చునని గ్రహించారు. 1830లో విశ్వాసిగా నిమజ్జన బాప్తిస్మము పొందారు. సంఘమునుండి జీతము తీసికొనుట మానుకొన్నారు.

అదే సంవత్సరము మేరీ గ్రోవ్స్ అమ్మగారిని వివాహమాడారు. ఆమె అన్నగారైన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ మన దేశములో పరిచర్య చేసినవారే. 1836లో ఆయన వెంట వచ్చిన బౌడెన్, బీర్ దొరగార్లే నరసాపురములో గోదావరి డెల్టా మిషను పనికి పునాది వేశారు. యానాములోని మనవారికి ఆ ఊరు దూరము కాదు.

1832లో ముల్లర్ గారు హెన్రీ క్రెయిక్ గారితో కలిసి బ్రిస్టల్‌లో బెతెస్ద సంఘ పరిచర్యకు పూనుకొన్నారు. వారు సహవాసము చేసిన సహోదర సంఘములలో రాకడను గూర్చి రెండు బోధలు బయలుదేరెను. జాన్ నెల్సన్ డార్బీ గారు ప్రభువు రాకడ రెండు దశలలో జరుగుననియు, మహాశ్రమలకు ముందే ఏ ఘడియనైనా సంఘము ఎత్తబడుననియు బోధించారు. 1 థెస్స. 4వ అధ్యాయము, ప్రకటన 3:10 ఈ బోధ గలవారు ముఖ్యముగా చూపే వాక్యములు. ప్లిమత్‌లోని బెంజమిన్ విల్స్ న్యూటన్ గారు అట్లు కాదన్నారు. సంఘము శ్రమల గుండా సాగి, వాటి తరువాత ప్రభువును కలిసికొనునని నేర్పారు. మత్తయి 24:29-31, 2 థెస్స. 2:1-3 ఈ పక్షమువారికి ఆధారములు. ఇరువురును భక్తులే, ఇరువురును పండితులే.

1845లో ప్లిమత్ సంఘము చీలెను. ప్రవచన భేదముతో పాటు, సంఘములో పెత్తనము ఎవరిదను తగాదా కూడ అందులో ఉండెను. 1847లో క్రీస్తు మానవ స్వభావమును గూర్చి న్యూటన్ గారి బోధలో దోషము కనబడగా వివాదము మరింత ముదిరెను. మరుసటి సంవత్సరము ప్లిమత్ నుండి వచ్చిన కొందరిని బెతెస్దవారు విచారించి, ఆ దోషము వారిలో లేదని తెలిసికొని ప్రభువు బల్లకు చేర్చుకొన్నారు. డార్బీ గారు దానికి ఒప్పుకొనక, బెతెస్దతోను, దానితో సహవాసము చేయు వారందరితోను తెగతెంపులు చేసికొన్నారు. ఆ దోషమును సమర్థించు వారెవరినీ చేర్చుకొనకూడదని బెతెస్దవారు తీర్మానించినను, ఆ గాయము మానలేదు. సహోదర సంఘములు రెండు శాఖలాయెను.

రాకడ కాలము విషయములో ముల్లర్ గారు డార్బీ గారి బోధను అంగీకరించలేదు. భ్రష్టత్వము సంభవించి, పాపపురుషుడు బయలుపడిన పిమ్మటనే ప్రభువు వచ్చునని నమ్మారు. అయినను ఆయన నిరీక్షణ చల్లారలేదు. ప్రభువు వచ్చుచున్నాడు గదా, ఇక పనెందుకు అనలేదు. 1849 నుండి 1870 వరకు ఆష్లీ డౌన్‌లో రెండువేల మంది పిల్లలకు సరిపడు అయిదు పెద్ద గృహములు కట్టించారు. ఎవరినీ చెయ్యి చాచి అడుగలేదు. డెబ్బదియవ ఏట, 1875లో, సువార్త యాత్రలు మొదలుపెట్టి, సుమారు పదిహేడేండ్లలో నలుబదికి పైగా దేశములు తిరిగారు. మన దేశమునకు కూడ వచ్చారు. ప్రభువు రాకడకై కనిపెట్టుడని విశ్వాసులను పురికొల్పుట ఆ యాత్రల ఉద్దేశములలో ఒకటి. 1898 మార్చి 10న, తొంబది రెండవ ఏట, ప్రభువునందు నిద్రించారు. కానుకలుగా లక్షల పౌండ్లు చేతిమీదుగా సాగినను, సొంతానికి మిగిల్చుకొన్నది బహు స్వల్పము.

ఈ జీవితమును బట్టి మేము చెప్పదలచినది ఒక్కటే. స్వస్థలము విడిచి వచ్చిన మనకు, అనేక పట్టణములలో తెలుగులో ఆరాధించు సంఘము ఒక్కటే ఉన్నది. మనలో బాప్తిస్టు కుటుంబములవారు, సహోదర సంఘములనుండి వచ్చినవారు, పెంతెకొస్తు నేపథ్యము గలవారు ఒకే బెంచీమీద కూర్చుందురు. రాకడ కాలమును గూర్చి ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా విని ఉందురు. క్రీస్తు ఎవరో, రక్షణ ఏమిటో అను విషయములలో మనము రాజీపడరాదు. బెతెస్దవారు కూడ పడలేదు. కాని శ్రమలకు ముందా, తరువాతనా అనుదానిని బట్టి బల్లయొద్దనుండి సహోదరుని త్రోసివేయుట తగదు. బైబిలు తరగతులలో రెండు పక్షముల వాక్యములను తెరచి, నెమ్మదిగా చదువుకొందము. అభిప్రాయము స్థిరముగా ఉంచుకొనవచ్చును, సహవాసము తెంచుకొనరాదు.

పౌలు 1 కొరింథీ 11:26లో నేర్పిన ప్రకారము, మనము రొట్టె విరుచునప్పుడెల్ల ప్రభువు మరణమును ఆయన రాకడ దినము వరకు ప్రకటించుచున్నాము. ఆ బల్లయొద్దనే ఆయన రాకడను గూర్చి విడిపోయినయెడల, వచ్చినప్పుడు ఆయనకు ఏమని జవాబు చెప్పుదుము?