ఎడ్గార్ ఆలన్ పో

అపరాధ పరిశోధన కథలను తొలుత వ్రాసినవారెవరని మన విద్యార్థుల నడిగినచో, పలువురు షెర్లాక్ హోమ్సును సృజించిన కానన్ డాయిల్ పేరు చెప్పుదురు. ఆ గౌరవము న్యాయముగా మఱియొకనికి చెందవలసినది. డాయిల్ 1859 లో జన్మించెను. అందుకు పదునెనిమిది సంవత్సరములు పూర్వమే, 1841 ఏప్రిలు నెలలో, అమెరికా దేశమున ఫిలడెల్ఫియా నగరమందలి యొక మాసపత్రికలో అట్టి కథ వెలువడెను. దానిని వ్రాసినవాడు తన్ను తాను కవిగా నెంచుకొనినవాడు. అతడే ఎడ్గార్ ఆలన్ పో. ఆ యింటిపేరు మన చెవికి పొమ్మను ఆజ్ఞవలె వినబడును. అతని నలువది యేండ్ల చరిత్రము చదివినచో, అతనిని పొమ్మననివారు మిక్కిలి తక్కువయని తోచును.

పో 1809 వ సంవత్సరము జనవరి 19 వ తేదీన బోస్టన్ నగరమున జన్మించెను. తలిదండ్రు లిరువురును నాటకములాడి జీవించువారు. తండ్రి కుటుంబమును విడిచి పోయెను. తల్లి 1811 డిసెంబరులో రిచ్మండ్ పట్టణమున క్షయరోగముతో కన్నుమూసెను. అప్పటికి ఎడ్గార్‌కు మూడేండ్లు నిండలేదు. అన్న, చెల్లెలు, తాను - మువ్వురును మూడిండ్ల పాలైరి. జాన్ ఆలన్ అను పొగాకు వర్తకుడును అతని భార్య ఫ్రాన్సెస్సును ఎడ్గార్‌ను చేరదీసిరి. రిచ్మండ్ వర్జీనియా రాష్ట్రమునకు ముఖ్యపట్టణము. మన గుంటూరు సీమలో పండు పొగాకునకు పేరు నిచ్చినది ఆ రాష్ట్రమే. ఆలన్ బాలునకు తన పేరు నిచ్చెను గాని శాస్త్రోక్తముగా దత్తత చేసికొనలేదు. ఇది స్వల్పవిషయముగా కనబడవచ్చును. దాని ఫలితము తరువాత తెలియగలదు.

1815 మొదలు 1820 వరకు ఆలన్ కుటుంబము బ్రిటనులో నుండెను. లండను చేరువనున్న స్టోక్ న్యూయింగ్టన్‌లో పో చదువుకొనెను. 1826 లో వర్జీనియా విశ్వవిద్యాలయమున ప్రవేశించి భాషలయందు మంచి ప్రజ్ఞ చూపెను. పెంపుడు తండ్రి పంపిన ధనము చాలలేదని పో చెప్పెను. జూదమాడి అప్పులు చేసెనని ఆలన్ చెప్పెను. ఇరువురి మాటలును నిజమే. ఆ సంవత్సరాంతముననే చదువు ముగిసెను. మరుసటి సంవత్సరము పో యిల్లు విడిచి బోస్టన్ చేరి, పేరు మార్చుకొని, పదునెనిమిదేండ్ల వయస్సును ఇరువదిరెండుగా చెప్పి, సైన్యమున సామాన్య సిపాయిగా చేరెను.

ఆ 1827 లోనే అతని మొదటి పుస్తకము, తైమూరును గూర్చిన కావ్యము మున్నగు పద్యములు గలది, నలువది పుటలతో వెలువడెను. దానిపై గ్రంథకర్త పేరు లేదు. బోస్టన్ వాడొకడు వ్రాసినట్లు మాత్రమే యుండెను. దానిని కొనినవారు లేరు, విమర్శించినవారును లేరు. నేడు ప్రపంచమందంతటను ఆ పుస్తకపు ప్రతులు పండ్రెండు మాత్రమే మిగిలియున్నట్లు తెలియుచున్నది. అందొకటి 2009 లో వేలమున 6,62,500 డాలర్లకు అమ్ముడు పోయెను. అతడు తన జీవితకాలమున వ్రాసిన సమస్త గ్రంథములకును కలిపి పొందిన ధనము అందులో శతాంశమునకైనను వచ్చునో రాదో!

సైన్యమున అతడు క్రమశిక్షణతో మెలగి సార్జెంటు మేజరు పదవి వరకు ఎదిగెను. తల్లివలె చూచిన ఫ్రాన్సెస్ 1829 లో మరణించెను. తరువాత వెస్ట్ పాయింటు సైనిక విద్యాలయమున చేరెను గాని అచట నిలువదలపక, కావలెననియే విధులను ఉపేక్షించి, 1831 లో తొలగింపబడెను. విచిత్రమేమనగా, అతని మూడవ పద్యసంపుటమును అచ్చువేయుటకు చందాలిచ్చినవారు ఆ విద్యాలయపు తోడి విద్యార్థులే. 1834 లో జాన్ ఆలన్ మరణించినప్పుడు మరణశాసనమున పోకు చిల్లిగవ్వయు లేదు. దత్తత లేనివానికి హక్కెక్కడిది?

కవిత్వము కూడు పెట్టదని తెలిసినపిమ్మట అతడు కథలవైపు తిరిగెను. బాల్టిమోరులో మేనత్త మరియా క్లెమ్ ఇంట నుండి వ్రాయసాగెను. 1833 లో ఆ నగరపు వారపత్రిక యొక్క కథల పోటీలో ఏబది డాలర్ల బహుమానము లభించెను. 1835 లో రిచ్మండ్ పత్రికలో ఉద్యోగము దొరకెను. మరుసటి యేడు మేనత్త కూతురు వర్జీనియాను వివాహమాడెను. అతనికి ఇరువదియేడేండ్లు, ఆమెకు పదుమూడు. ఈ విషయము నేటివారికి రుచింపదు. ఆనాడును పత్రములలో ఆమె వయస్సు ఇరువదియొకటిగా చూపబడెను. అయినను ఆ దంపతులును ఆ యత్తగారును ఒకరి నొకరు విడువక దారిద్ర్యమును పంచుకొనిరనుటలో సందేహము లేదు.

పత్రికాసంపాదకుడుగా పో నిర్దాక్షిణ్యముగా విమర్శించువాడు. చెడ్డ పుస్తకమును చెడ్డదని నిర్భయముగా వ్రాయుట గొప్ప గుణమే. కాని ప్రఖ్యాత కవియగు లాంగ్‌ఫెలోపై గ్రంథచౌర్య మారోపించుటలో అతడు మేర మీరెను. శత్రువులు పెరిగిరి. మద్యపాన మతనికి శత్రువులందరికంటెను పెద్ద శత్రువు. అనేక మాసములు దానిని ముట్టకుండును. ముట్టిన దినమున ఉద్యోగమునకే ముప్పు వచ్చుచుండెను. రిచ్మండ్ నుండి న్యూయార్కునకు, అచటినుండి ఫిలడెల్ఫియాకు అట్లే పోవలసివచ్చెను. 1839 లో అచ్చయిన రెండు సంపుటముల కథలకు ప్రకాశకు లతనికిచ్చిన ప్రతిఫలము కొన్ని ప్రతులు మాత్రమే. అతని జీవితకాలమున రెండవ కూర్పు పొందిన అతని పుస్తక మేది యనుకొందురు? కావ్యము కాదు, కథలు కావు. నత్తగుల్లలను గూర్చి పాఠశాలలకై తన పేరుతో వెలువరించిన శాస్త్రవాచకము!

అదే ఫిలడెల్ఫియాలో అతని బుద్ధి క్రొత్త దారి త్రొక్కెను. గూఢలిపిలో వ్రాసిన లేఖలను పంపుడనియు, వానిని తాను విప్పెదననియు ఒక వారపత్రికలో పాఠకులకు సవాలు చేసెను. లేఖలు వచ్చిపడెను, అతడు పలువాటిని విప్పి చూపెను. ఇట్టి బుద్ధికి కథారూపమిచ్చినచో నెట్లుండును? 1841 నాటి ర్యూ మోర్గ్ హత్యల కథ ఈ ప్రశ్నకు సమాధానము. పారిస్ నగరమున నాలుగవ అంతస్తులో తల్లియు కూతురును హతులైరి. తలుపునకు లోపలివైపు తాళము, కిటికీలకు మేకులు. కంఠస్వరము విన్న సాక్షులలో ఒక్కొక్కడు అది తనకు రాని యేదో యొక పరభాషయని చెప్పును. ఇన్ని భాషలవారును పరాయిదనిన ఆ స్వర మెవరిది? పోలీసులు చిక్కుపడిన చోట డ్యుపిన్ అను పేద పండితుడు ఈ ఒక్క వైరుధ్యమును పట్టుకొని సత్యమును వెలికి తీయును. దోషి యెవరో నేను చెప్పను. ఆ కథ నింకను చదువనివారి సంతోషమును చెఱచుటకు నాకు మనసొప్పకున్నది.

అప్పటికి ఆంగ్లమున డిటెక్టివ్ అను మాటయే వాడుకలో లేదు. అయినను ఆ ప్రక్రియకు వలసినవన్నియు ఆ యొక్క కథలోనే కుదిరినవి: అసాధారణ ప్రజ్ఞ గల పరిశోధకుడు, అతని ప్రజ్ఞకు అబ్బురపడుచు కథ చెప్పు స్నేహితుడు, దారి తప్పిన పోలీసులు, లోపల మూసియున్న గది. హోమ్సునకు వాట్సను, మన తెనుగున కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరునకు రాజు తోడైనది ఆ పంక్తిలోనే. డాయిల్ పోకు తన ఋణమును దాచుకొనలేదు.

డ్యుపిన్ కథలు మొత్తము మూడు. రెండవది 1841 లో న్యూయార్కున జరిగిన యొక యువతి మరణమును పారిస్‌కు మార్చి, వార్తాపత్రికలను మాత్రమే ఆధారముగా గొని చేసిన తర్కము. ఆ నిజమైన నేరము నేటికిని తేలలేదు. నా యెఱుకలో కథయు మూడింటిలో బలహీనమైనది. మూడవది, దొంగిలింపబడిన లేఖ కథ, రత్నము వంటిది. మంత్రి యొకడు లేఖను దొంగిలించి తన యింట దాచెను. పోలీసులు కుర్చీల కాళ్లను సైతము పరీక్షించిరి. మెత్తలను సూదులతో గ్రుచ్చి చూచిరి. లేఖ దొరకలేదు. అది అందఱి కన్నుల యెదుటనే యుండెను. పోలీసు అధికారి ఆ మంత్రిని, కవి గావున మూఢునితో సమానుడని తలచెను. అదియే అతడు చేసిన తప్పు. మంత్రి కవియు, గణితజ్ఞుడును. వట్టి గణితజ్ఞుడైనచో పోలీసులకు చిక్కియే యుండునని డ్యుపిన్ గ్రహించును. ఇతరుని మనస్సులో ప్రవేశించి చూచుట కవి పని గదా! డ్యుపిన్ తానును పద్యములు వ్రాసినవాడే. పో తన్ను గూర్చి చెప్పుకొనదలచినదంతయు ఈ కథలో నున్నదని నా నమ్మకము.

1845 జనవరి 29 వ తేదీన న్యూయార్కు పత్రిక యొకటి బొంతకాకిని గూర్చిన అతని పద్యమును ప్రచురించెను. దేశమంతయు దానిని చదివెను. బాలురు వీథిలో అతని వెంటబడి రెక్క లాడించినట్లు అభినయించిరని చెప్పుదురు. ధనము మాత్రము అత్యల్పము. మరుసటి యేడు అతడు ఆ పద్యమును తానెట్లు కట్టెనో వివరించుచు నొక వ్యాసము వ్రాసెను. నూట యెనిమిది పంక్తుల ఆ కావ్యమును మొదట ముగింపు నిశ్చయించుకొని, వెనుకనుండి ముందునకు, లెక్క కట్టినట్లు నిర్మించితినని అతని వాదము. ఇది పూర్తిగా నమ్మదగినది కాదు. ఉద్వేగము లేని లెక్క అట్టి నాదమును పుట్టింపజాలదు. కాని యొక సంగతి గమనింపదగును. ముగింపు ముందు తెలిసికొని వెనుకకు నడచుట అపరాధ పరిశోధన కథకుని పద్ధతి. పద్యమునకును, నేరకథకును అతడు వాడినది ఒక్క పనిముట్టే. నేరకథలను పాఠ్యపుస్తకము క్రింద దాచి చదువదగిన నీచవస్తువుగాను, కావ్యమును వేదికపై చదువదగిన యున్నతవస్తువుగాను ఎంచువారు దీనిని మరువరాదు.

కీర్తి వచ్చిన వేళకు ఇల్లు చీకటియయ్యెను. 1842 లో వర్జీనియా పాడుచుండగా రక్తనాళము చిట్లి నోట నెత్తురు పడెను. అది క్షయము. అయిదేండ్లు ఆశనిరాశల నడుమ గడచెను. 1846 లో వారు న్యూయార్కు చెంతనున్న ఫోర్డ్‌హామ్‌లో చిన్న కుటీరమునకు పోయిరి. శీతకాలమున ఆమెకు కప్పుటకు చాలిన కంబళి లేక, భర్త పాత కోటు కప్పుకొని, పెంపుడు పిల్లిని రొమ్ముపై నుంచుకొని వెచ్చదనము పొందుచుండెనని కన్నులార చూచినవారు వ్రాసియుంచిరి. భర్త చేతులను, తల్లి కాళ్లను పట్టుకొని వెచ్చచేయుచుండిరి. 1847 జనవరి 30 వ తేదీన ఆమె మరణించెను.

మరుసటి యేడు అతడు బ్రహ్మాండోత్పత్తిని గూర్చి యూరేకా అను గద్యకావ్యమును వ్రాసెను. అప్పటివారు దానిని పిచ్చివాని ప్రేలాపనగా త్రోసివేసిరి. అందు తప్పులు లేకపోలేదు. కాని నక్షత్రములు లెక్కలేనన్ని యుండగా రాత్రి యాకాశ మేల చీకటిగా నుండుననెడి చిరకాలప్రశ్నకు, అతిదూరపు తారల కాంతి మనలను చేరుటకు ఇంకను వేళ చాలలేదని అతడు సూచించెను. ఖగోళశాస్త్రజ్ఞులు నేడంగీకరించు సమాధానమునకు అది మిక్కిలి సమీపమైనది. దీనిని కథలు చెప్పుకొని బ్రదికిన యొక కవి ఊహించెను!

1849 అక్టోబరు 3 వ తేదీన, ఎన్నికల దినమున, బాల్టిమోరులో నొక ఓటింగు స్థలమువద్ద పానశాలలో అతడు ఒడలెఱుగని స్థితిలో కనబడెను. ఒంటిపై నున్నవి తన బట్టలు కావు. ఆసుపత్రిలో నాలుగు దినములుండి, 7 వ తేదీన మరణించెను. ఏమి జరిగెనో చెప్పలేకపోయెను. మద్యమని కొందఱు, వ్యాధియని కొందఱు, ఎన్నికల రౌడీలు బలవంతమున త్రాగించి తిప్పిరని కొందఱు ఊహించిరి. పరిశోధకుని సృజించిన వాని మరణమే పరిశోధనకు లొంగలేదు.

అతని సమాధికి వచ్చినవారు పదిమందికి మించరు. రెండవనాడే న్యూయార్కు పత్రికలో మారుపేరుతో నొక మృత్యువార్త వెలువడెను. దానిని వ్రాసిన గ్రిస్‌వోల్డ్ పూర్వము పో విమర్శకు గుఱియైన సంకలనకర్త. ఇతడే పో గ్రంథములకు సంపాదకుడై, 1850 లో జీవితచరిత్రము వ్రాసి, పో తాగుబోతనియు, కృతఘ్నుడనియు లోకమును నమ్మించెను. అందుకై పో లేఖలనే మార్చి, కొన్ని వాక్యములను తానే కల్పించెను. మృతుడు మారుపలుకలేడు. 1941 లో ఆర్థర్ హాబ్సన్ క్విన్ అను ఆచార్యుడు అసలు లేఖలను గ్రిస్‌వోల్డ్ ముద్రణతో ప్రక్కప్రక్కన నుంచి పోల్చి ఆ మోసమును బయలుపఱచెను. ఇది డ్యుపిన్ మెచ్చదగిన పనియే. పోలో దోషములు లేవని దీని యర్థము కాదు. లేనివి అంటగట్టబడినవని మాత్రమే.

స్వదేశమున అపవాదు ప్రబలుచుండగా ఫ్రాన్సు దేశమున బోదలేర్ పదునేడేండ్లకు పైగా శ్రమించి అతని కథలను అనువదించెను. మలార్మే 1875 లో బొంతకాకి పద్యమును ఫ్రెంచి గద్యమున వెలువరింపగా, మానే చిత్రములు వ్రాసెను. జపానులో హిరాయ్ తారో అను నేరకథకుడు పో పేరునే జపాను ఉచ్చారణలో ఎడొగావా రాంపోగా మలచి తన కలముపేరు చేసికొనెను.

బాల్టిమోరులో చాలకాలము గుర్తులేక పడియున్న ఆ గోరీకి ఒక పాఠశాల ఉపాధ్యాయిని పూనికతో, ఆ పట్టణపు బడిపిల్లలు పెన్నీలు చందా వేసిరి; మిగిలినది దాతలిచ్చిరి. 1875 లో చలువరాతి స్మారకము నిలిచెను. ఆనాటి ప్రసిద్ధ కవులలో ఆ యుత్సవమునకు స్వయముగా వచ్చినవాడు వాల్ట్ విట్మన్ ఒక్కడే. మేనత్త మరియా క్లెమ్ 1871 లోనే మరణించి అచ్చోటనే పాతిపెట్టబడియుండెను. 1885 లో ఫోర్డ్‌హామ్ నుండి వర్జీనియా యస్థులను తెచ్చి అతని చెంత నుంచిరి.