దారుశిల్పి జేమ్స్ ప్రెస్టీని చరిత్రము

కొయ్యపని మన పెద్దలకు కూడు పెట్టిన విద్య. ఈ కొత్తపేటయందును, దీనిని చుట్టియున్న దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు ప్రాంతములందును కాపురముండు మనవారిలో నేటికిని ఉలి చేతబట్టి జీవించువారు గలరు. పట్టా పుచ్చుకొని కొలువులలో కుదిరినవారును గలరు. ఈ యిరుతెగల నడుమ పెరుగుచున్న యెడమును తలచినపుడెల్ల నాకొక పరదేశపు పనివాని చరిత్రము జ్ఞప్తికి వచ్చుచుండును. దానిని మీ ముందుంచుటకు సెలవు వేడుచున్నాను.

ఆయన పేరు జేమ్స్ ప్రెస్టీని. అమెరికా దేశమున కనెక్టికట్ రాష్ట్రమందలి వాటర్‌ఫర్డు అను ఊరిలో 1908వ సంవత్సరమున జన్మించెను. తండ్రి ఇటలీనుండి వలసవచ్చిన రాతిపనివాడు. ఉలిచప్పుళ్ల నడుమ పెరిగిన యీ బాలుడు చదువునందు చురుకైనవాడగుటచే యేల్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము నభ్యసించి, 1930లో పట్టభద్రుడయ్యెను. పిమ్మట చికాగో నగరమునకు చేరువనున్న లేక్ ఫారెస్టు పాఠశాలలో గణితోపాధ్యాయుడుగ కుదిరెను. ఇంతవరకు ఇది చదువుకొని పైకివచ్చిన పనివారి బిడ్డలందఱి కథయే. విశేషమంతయు ఇకముందున్నది.

పట్టా చేతికి వచ్చినవాడు పనిముట్టు విడుచుట లోకమున వాడుక. ప్రెస్టీని పట్టా చేతికి వచ్చిన పిదప పనిముట్టు పట్టెను. 1933వ సంవత్సరమున, బడిపని ముగిసిన తీరికవేళలందు, ఆయన తరిమెన ముందు నిలిచెను. తరిమెన యనగా కొయ్యను గిఱ్ఱున త్రిప్పు సాధనము. దీనినే నేడు లేతు అందురు. కుమ్మరి సారెపై మట్టి తిరుగునట్లు దీనిపై కొయ్య తిరుగును. అయితే కుమ్మరి మట్టిని తీయనుగలడు, మఱల చేర్చనుగలడు. తరిమెనవానికి తీయుటయే గాని చేర్చుట లేదు.

గిన్నెపని యందు మఱియొక చిక్కు గలదు. మంచపుకోడు పట్టునపుడు కొయ్యనార ఇరుసువెంబడి సాగియుండును గనుక ఉలి సుళువుగ నడచును. గిన్నెకై పలకను అడ్డముగ బిగింతురు. అందుచే ప్రతి చుట్టునందును ఉలి రెండుమార్లు నారకు ఎదురు తగులును. పదును తగ్గినచో నార లేచి గరుకుపడును. పచ్చికొయ్య ఎండునపుడు నారపొడుగున కంటె అడ్డమున మిక్కిలి ముడుచుకొనును. అందుచే నిన్న గుండ్రముగనున్న గిన్నె కొన్నాళ్లకు కోలగ మాఱును. గోడ పలుచనైన కొలది ఉలితాకునకు అదరును. వెండ్రుకవాసి లోతు తప్పెనేని అడుగు తూటుపడి, దినమంతటి శ్రమయు పొట్టుకుప్పలో గలియును.

ఆ దినములలో కొయ్యగిన్నె యన్న దళసరి గోడయు, మొద్దు అంచును గల వంటయింటి మరిగెయే జనుల తలపునకు వచ్చుచుండెను. ప్రెస్టీని దాని రూపమునే పరీక్షింపదొడగెను. ఒక గిన్నె తామరాకువలె పఱచుకొనినది. ఒకటి అర్ధగోళమువలె లోతైనది. ఒకటి చిన్న పీఠముపై నిలిచి అంచువైపునకు విచ్చుకొనినది. పీఠ మెంత చిన్నదైన గిన్నె నిలుచును? లోనివంపును వెలివంపును ఎంత దగ్గఱగ తేవచ్చును? అంచు ఎంతవరకు పలుచబడగలదు? ఒక్కొక్క గిన్నెయు ఇట్టి యొక ప్రశ్నకు సమాధానము. మహాగని, బర్చి మొదలైన కొయ్యలపై ఆయన గంట్లు వేయలేదు, కడియములు తీర్చలేదు, రంగు పూయలేదు. వంపే నగ, నారయే చిత్రము. వాని పలుచదనము చూచినవారికి ఇవి పింగాణియో, గాజో యను భ్రాంతి కలుగుచుండెను. గణితము బోధించు బుద్ధియు, ఉలిపట్టిన చేయియు ఒక్క మనుష్యునియందు కూడుటచేతనే యిది సాధ్యమయ్యెనని నా తలంపు.

నేర్చినది చాలునని ఆయన యెన్నడును అనుకొనలేదు. 1938లో స్వీడను దేశమునకేగి, కొయ్యసామానుల రూపకల్పనలో పేరొందిన కార్ల్ మాల్మ్‌స్టెన్ కడ శిష్యరికము చేసెను. మఱుసటి యేట, హంగేరీ దేశీయుడగు మొహోలీ-నాజ్ చికాగోలో స్థాపించిన రూపకల్పనా పాఠశాలలో బోధకుడయ్యెను. న్యూయార్కు నగరమందలి ఆధునిక కళా సంగ్రహాలయము ఆయన గిన్నెలను తన భాండారమున చేర్చుకొనెను. 1950లో ఎడ్గర్ కాఫ్‌మన్ అనునాయన ఆయన దారుకళనుగూర్చి ప్రత్యేకముగ నొక గ్రంథము ప్రకటించెను. వంటయింటి గిన్నె చిత్తరువుల సరసన పీఠమెక్కినది!

ఆశ్చర్యమేమన, కీర్తి పండిన తరుణముననే, 1953లో, ఆయన తరిమెనను విడిచెను. ఇరువదియేండ్లలో అడుగదలచిన ప్రశ్నలకు సమాధానములు దొరకినవి కాబోలు. కొంతకాలము ఇటలీలో శిల్పవిద్య నభ్యసించి, 1956 మొదలు 1975 వఱకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖయందు రూపకల్పన బోధించుచు, ఉక్కుతో శిల్పములు నిర్మించెను. రాతిపనివాని కుమారుడు కొయ్యలో పేరుపొంది, లోహమున ముగించి, 1993లో పరమపదించెను. శిలను, దారువును, లోహమును ఒక్క కులవిద్యగ నెంచు మనకు ఈ జీవితము పరాయిది కాదు.

అయినను ఒక్క మాట మఱువరాదు. ప్రెస్టీనికి నెలజీతముండెను. తూటుపడిన గిన్నెవలన ఆయన యింట పొయ్యి చల్లారలేదు. మన తెలుగునాట అనకాపల్లి జిల్లాలో, వరాహనది యొడ్డున, ఏటికొప్పాక గ్రామమున అంకుడుకొయ్యను తరిమెనపట్టి, లక్క మెఱుగుతో బొమ్మలను, పిడతలను చేయు పనివారున్నారు. బాల్యమున లక్కపిడతలతో ఆడుకొనని తెలుగుబిడ్డ ఒకప్పుడు అరుదు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. చేతినేర్పున వారు ఎవరికిని తీసిపోరు. కాని దినకూలిపై బ్రతుకువాడు క్రొత్తరూపమునకై పదికొయ్యలు పాడుచేయ సాహసింపగలడా? సంతలో నిన్న అమ్ముడుపోయిన బొమ్మనే నేడును చేయును. ఇది నేర్పుకొఱత కాదు, నష్టమును భరించువాడు లేని కొఱత.

కావున సంఘపోషకులకు నాదొక విన్నపము. మన పిల్లల చదువులకు విద్యార్థివేతనము లిచ్చుట పుణ్యము. అట్లే ప్రతివత్సరము ఒక్క యువకునికైన ఒక తరిమెనయు, ఎండిన కొయ్యయు, కొలదినెలల గ్రాసమును సమకూర్చి, అతడు పాడుచేయు గిన్నెలకు లెక్క యడుగక విడిచిపెట్టుడు. చదివిన సోదరులారా! సెలవునాడైన ఒక్క గడియ మీ తాతగారి ఉలిని చేతబట్టుడు. పట్టాయు ఉలియు ఒక్కచేత నిముడునని ప్రెస్టీని చూపినాడు. ఆ మహాశిల్పికి నమస్కరించుచు, మన పనివారి చేతులకు చిరకాలము పదును తగ్గకుండుగాక యని కోరుచు విరమించుచున్నాను.