నావికుల గురువు నాథనియేల్ బౌడిచ్

చదువుకోవాలనే పట్టుదల ఉంటే పేదరికం అడ్డుకాదని ఎందరో మహనీయుల జీవితాలు మనకు చెబుతున్నాయి. అమెరికాకు చెందిన నాథనియేల్ బౌడిచ్ అలాంటివారిలో ఒకరు. ఆయన పేరు మన దగ్గర అంతగా వినిపించదు గానీ ఓడలు నడిపేవారికి రెండు వందల ఏళ్ళకు పైగా సుపరిచితం. పదేళ్ళకే బడి మానేసిన ఈయన రాసిన పుస్తకాన్ని అమెరికా ప్రభుత్వం నేటికీ కొత్త కూర్పులుగా ప్రచురిస్తూనే ఉంది. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మనం ఆయన జీవితం నుండి నేర్చుకోవలసింది చాలా ఉంది.

బాల్యం – బడి మానేసిన రోజులు

బౌడిచ్ 1773 మార్చి 26న మసాచుసెట్స్‌లోని సేలం అనే రేవు పట్టణంలో జన్మించారు. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవారు. తండ్రి హబక్కుక్ ఒకప్పుడు ఓడ నడిపినవాడే. తరువాత పీపాలు తయారుచేసే పనిలో పడ్డాడు. ఇల్లు గడవడం కష్టమై, కొడుకును పదేళ్ళకే బడి మాన్పించి తన పనిలో పెట్టుకున్నాడు. పన్నెండో ఏట ఓడలకు కావలసిన సరంజామా అమ్మే దుకాణంలో లెక్కలు రాయడానికి కుదిర్చాడు. అది తొమ్మిదేళ్ళ ఒప్పందం. ఆ తొమ్మిదేళ్ళూ యజమాని దగ్గరే ఉండి పని చేయాలి. మధ్యలో వదిలిపోవడానికి వీల్లేదు.

మరొకరైతే అక్కడితో చదువు ముగిసిందని అనుకునేవారు. బౌడిచ్ మాత్రం తెల్లవారుజామున, రాత్రి పని ముగిశాక పుస్తకం పట్టేవారు. పద్నాలుగో ఏట బీజగణితం మొదలుపెట్టారు. న్యూటన్ రాసిన ప్రిన్సిపియా చదవాలంటే లాటిన్ రావాలి. చెప్పేవారు లేరు కాబట్టి నిఘంటువు ముందు పెట్టుకుని సొంతంగా లాటిన్ నేర్చుకున్నారు. తరువాత ఫ్రెంచి కూడా అలాగే నేర్చారు.

పుస్తకాలు కొనే స్తోమత ఆయనకు లేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో ఐర్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ కిర్వాన్ పుస్తకాలతో వస్తున్న ఓడను అమెరికన్లు పట్టుకున్నారు. ఆ పుస్తకాలతో సేలంలో ఒక గ్రంథాలయం వెలిసింది. అది సభ్యులకు మాత్రమే. ఊరి పెద్దలు దయతలచి ఈ కుర్రవాడికి కూడా ప్రవేశం కల్పించారు. ఆయన ఆ పుస్తకాలను చదివి ఊరుకోలేదు. అవసరమైనవన్నీ చేత్తో నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. ఈ మేలును ఆయన చివరిదాకా మరువలేదు. తన వీలునామాలో సేలం గ్రంథాలయానికి వెయ్యి డాలర్లు రాసిపెట్టారు.

ఓడ ప్రయాణానికి కావలసినవి

1795లో ఒప్పందం ముగిశాక బౌడిచ్ గుమాస్తాగా ఓడ ఎక్కారు. 1803 వరకు ఐదు ప్రయాణాలు చేశారు. హిందూ మహాసముద్రంలోని నేటి రీయూనియన్ దీవికి, పోర్చుగల్‌లోని లిస్బన్‌కు, స్పెయిన్ రేవులకు, ఫిలిప్పీన్స్‌లోని మనీలాకు, సుమత్రాకు వెళ్ళారు.

ఆ రోజుల్లో తెరచాప ఓడ బయలుదేరాలంటే ముందు చాలా సన్నాహం కావాలి. సముద్రపు పటం పరిచి వెళ్ళే దారి గీసుకోవాలి. నీటి కింద రాళ్ళు, ఇసుక మేటలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. తీరం వెంట దారి చెప్పే పుస్తకం మరొకటి ఉండాలి. ఏ గుట్ట, ఏ దీపస్తంభం ఎటువైపు కనబడితే రేవులోకి ఎలా తిరగాలి, పోటు సమయంలో నీళ్ళెంత, పాటు సమయంలో ఎంత, గాలివాన వస్తే ఎక్కడ తలదాచుకోవాలి అన్నవి అందులో ఉంటాయి. తాడుకు కట్టిన సీసపు గుండును నీళ్ళలోకి వదిలి లోతు ఎన్ని బారలో కొలిచేవారు. గుండు అడుగున కొవ్వు పూసేవారు. దానికి ఇసుక అంటుకుందా, బురద అంటుకుందా, గవ్వలు అంటుకున్నాయా అని చూసి, పటంతో పోల్చి, పొగమంచులో సైతం తామెక్కడున్నామో అంచనా వేసేవారు.

తీరం కనుమరుగైతే సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలే దిక్కు. వాటి ఎత్తులు కొలిచి, పట్టికలు చూసి లెక్క కట్టాలి. మనం ఇంటర్ ప్రాక్టికల్స్‌లో లాగరిథమ్ పట్టికలు చూస్తాం కదా, అలాంటివే వాళ్ళ పట్టికలు కూడా. తేడా ఏమిటంటే, మనం తప్పు చూస్తే మార్కులు పోతాయి. అక్కడ తప్పితే ప్రాణాలు పోతాయి.

అచ్చులో ఉన్నదంతా నిజం కాదు

అప్పట్లో నావికులందరూ జాన్ హామిల్టన్ మూర్ అనే ఇంగ్లీషు రచయిత పుస్తకాన్ని నమ్ముకునేవారు. బౌడిచ్ దానిలోని లెక్కలను తానే చేసి చూడగా తప్పులు బయటపడసాగాయి. ఒకటీ రెండూ కాదు, ఎనిమిది వేలకు పైగా!

అందులో ఒక తప్పును చూద్దాం. 1800 సంవత్సరం నాలుగుతో భాగింపబడుతుంది గానీ లీపు సంవత్సరం కాదు. వందతో భాగింపబడే సంవత్సరం నాలుగు వందలతో కూడా భాగింపబడితేనే లీపు సంవత్సరం. మూర్ పుస్తకం 1800ను లీపు సంవత్సరంగా లెక్కించింది. దాంతో సూర్యుడి స్థానం ఒక రోజు తేడాతో వస్తుంది. మార్చి నెలలో ఒక్క రోజులో సూర్యుడు భూమధ్యరేఖకు సంబంధించి సుమారు 24 నిమిషాల కోణం జరుగుతాడు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక సముద్రపు మైలు, అంటే 1,852 మీటర్లు. కనుక ఓడ ఉన్నచోటుకూ, ఉన్నామని అనుకున్నచోటుకూ దాదాపు 44 కిలోమీటర్ల తేడా వస్తుంది. ఇది విశాఖపట్నం నుండి భీమిలికి ఉన్న దూరం కంటే ఎక్కువ. చీకట్లో రాళ్ళున్న తీరానికి వస్తున్న ఓడకు ఈ తేడా చాలు.

ముందు ఎడ్మండ్ బ్లంట్ అనే ప్రచురణకర్త కోసం మూర్ పుస్తకాన్నే బౌడిచ్ సవరించారు. అది 1799లో వెలువడింది. చివరకు అతుకులతో లాభం లేదని తలచి కొత్తగా రాశారు. అదే 1802లో వచ్చిన న్యూ అమెరికన్ ప్రాక్టికల్ నావిగేటర్. పట్టికలతో పాటు గాలులు, ప్రవాహాలు, ఆటుపోట్లు, రేవులను కొలిచే పద్ధతి, ఓడ మాటలకు అర్థాలు కూడా అందులో పెట్టారు.

వంటవాడు కూడా నేర్చుకున్నాడు

బౌడిచ్ గొప్పతనం తప్పులు పట్టడంతో ఆగలేదు. చంద్రుడికీ నక్షత్రానికీ మధ్య దూరం కొలిచి రేఖాంశం తెలుసుకునే లెక్క చాలా కష్టమైనది. అది కెప్టెన్లకే సరిగా వచ్చేది కాదు. బౌడిచ్ దానికి తేలిక మార్గం కనిపెట్టి మామూలు నావికులకు బోధించారు. ఒక ప్రయాణంలో పన్నెండు మంది సిబ్బందిలో వంటవాడితో సహా ప్రతివారికీ ఆ లెక్క వచ్చింది.

ఈ చదువు సేలం ఓడలన్నిటికీ పాకింది. 1817లో సేలంకు చెందిన క్లియోపాట్రాస్ బార్జ్ అనే ఓడ ఇటలీలోని జెనోవా రేవుకు చేరింది. దాన్ని చూడవచ్చిన ప్రసిద్ధ ఖగోళ శాస్త్రవేత్త జాక్‌కు ఆ ఓడలోని వంటవాడు సైతం రేఖాంశం లెక్క కడతాడని తెలిసింది. ఆ వంటవాడు నల్లజాతీయుడు. జాక్ అడిగిన ప్రశ్నలన్నిటికీ తడుముకోకుండా జవాబిచ్చి, తన లెక్కలు తెచ్చి చూపించాడు. అమెరికాలో అనేక రాష్ట్రాల్లో నల్లవారు బానిసలుగా ఉన్న కాలమది. అక్షరం కొందరి సొత్తు కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం కావాలా!

మంచు తుఫానులో పరీక్ష

తన చివరి ప్రయాణంలో బౌడిచ్ పుట్నం అనే ఓడకు తానే కెప్టెన్. 1803 డిసెంబరు 25న, క్రిస్మస్ నాటి రాత్రి, మంచు తుఫానులో ఓడ సేలం దగ్గరికి వచ్చింది. ఆ తీరమంతా దీవులు, రాళ్ళు. ఇతరులైతే సముద్రంలోనే ఆగిపోయేవారు. బౌడిచ్ తన లెక్కను నమ్మి, క్షేమంగా ఓడను రేవుకు చేర్చారు.

ఆ తరువాత ఆయన ఉద్యోగరీత్యా సముద్రం వదిలేశారు. కానీ అదే రేవును వదలలేదు. సేలం, మార్బుల్‌హెడ్, బెవర్లీ, మాంచెస్టర్ రేవులను స్వయంగా కొలిచి, లోతులు చూసి 1806లో పటం ప్రచురించారు. దానితో పాటు ఆ రేవుల్లోకి ఓడను ఎలా తేవాలో చెప్పే చిన్న పుస్తకం కూడా ఇచ్చారు. ఆ రాత్రి తనను గట్టెక్కించిన జ్ఞానం ఊళ్ళో ప్రతి నావికుడికీ అందుబాటులోకి వచ్చింది.

చివరి రోజులు

1804లో సేలంలోని ఒక బీమా కంపెనీకి అధ్యక్షులయ్యారు. 1806లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం గణిత ఆచార్య పదవి ఇస్తామన్నా వద్దన్నారు. 1823లో బోస్టన్‌కు మారారు. ఫ్రెంచి శాస్త్రవేత్త లాప్లాస్ రాసిన ఖగోళ యంత్రశాస్త్ర గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించి సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. లాప్లాస్ మధ్యలో వదిలేసిన మెట్లన్నీ నింపి, విద్యార్థికి అర్థమయ్యేలా వివరణలు రాశారు. నాలుగో సంపుటం అచ్చులో ఉండగా 1838 మార్చి 16న కన్నుమూశారు.

మనం నేర్చుకోవలసింది

మిత్రులారా! మనలో చాలామందిమి పరీక్షల ముందు గైడు పట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు బట్టీ పడతాం. బౌడిచ్ కూడా గైడుతోనే మొదలుపెట్టారు. కానీ ప్రతి లెక్కనూ తాను చేసి చూశారు. తప్పు దొరికితే నవ్వి వదిలేయక, దిద్ది పదిమందికీ ఇచ్చారు. తనకు వచ్చింది తన పక్కవాడికి కూడా వచ్చేదాకా చెప్పారు.

మన హాస్టల్లో కూడా ఒకే గదిలో లెక్కలు బాగా వచ్చినవారు, రానివారు కలిసి ఉంటాం. సీనియర్లు దిద్దిన నోట్సు జూనియర్లకు చేరితే, వచ్చినవారు రానివారి పక్కన ఒక గంట కూర్చుంటే, మనలో ఎవ్వరూ ఒడ్డు చేరకుండా మిగిలిపోరు. ఈ వార్షికోత్సవ వేళ ఆ మహనీయుడిని స్మరిస్తూ ఆ పని ఈ రోజు నుండే ప్రారంభిద్దాం.